పంతులమ్మ అంకె
(ధారావాహిక: పదకొండో భాగం)

పోయిన వారం మనం తలుపులమ్మను ఉప్పుటేటి గట్టు మీద, తాళం వేసిన కొట్టు ముందు వదిలి వచ్చాం. ఆ కొట్టులో ఎండబెట్టిన సొర రెక్కలు కప్పు దాకా పేర్చి ఉన్నాయి. కాకినాడ జగన్నాథపురం నుంచి ఉప్పాడ దాకా ఏ జాలరి ఇంటి ముందు సొర రెక్క ఎండుతున్నా, నడుస్తున్న ధరకు సగం ఎక్కువ పోసి ఆమే కొనేసింది. ఆ రెక్కలు ఇక్కడ ఎవరూ తినరు. రంగూను స్టీమరెక్కి చీనా షావుకార్ల దగ్గరికి పోవలసిందే. ఆ షావుకార్లు ఆమె పెట్టిన ధరలో ముప్పాతిక కూడా ఇవ్వరు. ఈ సంగతి ఆమెకంటే బాగా తెలిసినవాళ్ళు ఆ రేవులో లేరు. తెలిసి తెలిసి ఎందుకు కొన్నదంటే, పంతులమ్మ అంకెను కదిలించి చూడాలని.

ఆ అంకె సంగతి తెలియనివారికి రెండు మాటలు చెప్పాలి. మిషను ఆడపిల్లల బడిలో పాఠాలు చెప్పే ప్రసన్నకుమారి, ఉగాది నుంచి ప్రతి శనివారం మధ్యాహ్నం రీడింగు రూము వరండాలో నల్లబల్ల మీద ఒక అంకె రాస్తోంది. రేవులో అమ్ముడయ్యే పది సరుకుల ధరలు శుక్రవారం నాడు అడిగి తెలుసుకుంటుంది. బియ్యం, నువ్వులు, బెల్లం, పొగాకు, జనుము, సొర రెక్కలు, ఇలాంటివి. ఆ పదీ కలుపుతుంది. ఉగాది నాటి మొత్తాన్ని నూరు అనుకుంటే ఇవాళ్టి మొత్తం ఎంతవుతుందో, అదే అంకె. బెల్లం తగ్గి, పొగాకు పెరిగితే బజారు పెరిగినట్టా తగ్గినట్టా అని జనం వాదించుకునే పని తప్పింది. బల్ల వంక చూస్తే చాలు.

అంతకు ముందు ఆ వాదన తీర్చేది తలుపులమ్మ. పొద్దున్నే ఏటి గట్టు మీద బుట్టలు దించుకుని కూర్చుంటే, వచ్చేపోయే వాళ్ళందరూ ఆమె దగ్గర ఆగేవారు. కోమట్లు కూడా మనుషుల్ని పంపేవారు. ఆమె తమలపాకు నములుతూ, "బజారు లేచి కూచుందిరా" అనో, "ఇవాళ నడుం వాల్చింది, రేపు రండి" అనో చెప్పేది. ఆ మాట మధ్యాహ్నానికల్లా పెద్ద బజారు దాకా పాకేది.

ఇప్పుడు ఆమె దగ్గర ఆగేది ఎండు చేపలు కావలసినవాళ్ళే.

*

శనివారం ఎండ వాలుతుండగా తలుపులమ్మ రీడింగు రూము ముందుకు వచ్చింది. వచ్చిన సంగతి ఎవరికీ తెలియకూడదని, గంప నెత్తి మీద పెట్టుకునే, చింతచెట్టు నీడలో జనం వెనకాల నిలబడింది. ముందు వరసలో పడవల వాళ్ళున్నారు. కాకినాడలో ఓడలు ఒడ్డుకు రాలేవు, దూరంగా సముద్రంలోనే ఆగిపోతాయి. అక్కడికి సరుకు చేరవేసేది ఈ పడవల వాళ్ళే. వాళ్ళ పెద్ద, తండేలు పోతురాజు, అందరికంటే ముందు నిలబడి ఉన్నాడు. తలుపులమ్మ మొగుడు.

అతను ఉతికిన పంచె కట్టుకున్నాడు. తల తడిపి దువ్వుకున్నాడు. శనివారం శనివారం ఇదే వరస. పెళ్ళయిన ఇన్నేళ్ళలో పోతురాజు తల దువ్వుకోవడం ఆమె చూసింది జాతర రోజుల్లోనే.

పంతులమ్మ మీద అతను కన్నేశాడని కాదు. అలాంటిదైతే తలుపులమ్మకు తేలికయ్యేది. జుట్టు పట్టుకుని నలుగురిలోకి ఈడ్చేది, ఊరు రెండు రోజులు చెప్పుకునేది, అయిపోయేది. ఇది అలా పట్టుకోవడానికి దొరకని బాధ. రాత్రి అన్నం తింటూ అతను "పంతులమ్మ గారు చెప్పారు" అంటాడు. "పంతులమ్మ గారి అంకె ప్రకారం" అంటాడు. ఆ 'గారు' దగ్గర అతని గొంతు కాస్త తగ్గుతుంది. ఆ తగ్గడం వింటే తలుపులమ్మకు కూడు లోపలికి దిగదు.

ఈ ఏడు ఆ 'గారు'కి ఇంకో కారణం కూడా వచ్చింది. ఓడల ఏజెంట్లతో పడవల వాళ్ళు ఒప్పందం చేసుకున్నారు. పంతులమ్మ అంకె నూట పది దాటితే పడవ కిరాయి పెంచాలి. తొంభై అయిదు కిందికి పోతే తగ్గించుకోవాలి. వచ్చే ఉగాది దాకా సరుకులు మార్చకూడదు, లెక్క కట్టే తీరు మార్చకూడదు. ఆ ఒప్పందం కుదిర్చింది పోతురాజే. కిరాయి కోసం ఏటేటా ఏజెంట్ల గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడే పని తప్పిందని అతనికి గర్వం.

తలుపు తెరుచుకుంది. ప్రసన్నకుమారి సుద్దముక్క పట్టుకుని బయటికి వచ్చింది. పాతికేళ్ళుంటాయి. తెల్ల చీర, ముడివేసిన జుట్టు, చేతులకు గాజులైనా లేవు. ఆ సాదాతనం కూడా తలుపులమ్మకు డాబు లాగే కనబడింది. పంతులమ్మ ఎవరి వంకా చూడకుండా పాత అంకె నూట మూడు తుడిచేసి, కొత్తది రాసి పక్కకు జరిగింది.

నూట పద్దెనిమిది.

బుల్లిరాజు అనే ముసలి పడవవాడు బల్ల దగ్గరికి వెళ్ళి, అంకె మీద వేలు పెట్టబోయి, చెరిగిపోతుందని మళ్ళీ వెనక్కి తీసుకున్నాడు.

"నూట పది దాటినట్టేనా అండి?" అని అడిగాడు.

"దాటింది" అంది ప్రసన్నకుమారి.

పడవల వాళ్ళు ఒకరి భుజాల మీద ఒకరు చేతులు వేసుకున్నారు. ఎవడో నవ్వాడు, ఇంకెవడో కళ్ళు తుడుచుకున్నాడు. బియ్యం ధర సగానికి సగం పెరిగి, గంజితో పూట గడుపుతున్న ఇళ్ళు వాళ్ళవి. "అమ్మ దయ" అన్నారు, "పంతులమ్మ గారి చలవ" అన్నారు. రెండూ ఒకే గొంతుతో అన్నారు.

చింతచెట్టు కింద తలుపులమ్మ మునివేళ్ళ మీద లేచి బల్ల వంక చూసింది. నేను కదిలించాను. ఆ పదిహేనూ నావి. నా కొట్టులో ఉన్నాయి. ఈ మాట ఆమె లోపల కేకలా తిరిగింది. ఒక్క క్షణం ఆమెకు ఎంత సంబరమైందంటే, నెత్తి మీద గంప ఉన్న సంగతే మరిచిపోయింది.

సరిగ్గా అప్పుడే పోతురాజు పంతులమ్మకు రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు. అతని ముఖం నిండా నవ్వు. ఆ నవ్వు తలుపులమ్మకు తెలుసు. పెళ్ళైన కొత్తలో, మొదటిసారి సొంత పడవ నీళ్ళలోకి తోసిన రోజున, తన వంక తిరిగి నవ్విన నవ్వు అది. పోయిందనుకుంది. పోలేదు, ఇక్కడుంది.

డబ్బు తనది, నష్టం తనది, చేసింది తాను. దణ్ణం మాత్రం పంతులమ్మకు.

*

జనం వరండా మెట్ల మీద, చెట్టు కింద కూర్చుని కబుర్లలో పడ్డారు. తలుపులమ్మ గంప దించి, పక్క గుమ్మంలోంచి రీడింగు రూములోకి వెళ్ళింది. ప్రసన్నకుమారి కిటికీ దగ్గర చెంబుతో నీళ్ళు పోసుకుని సుద్ద కడుక్కుంటోంది. ఎండు చేపల వాసన ముందుగా వచ్చి చెప్పినట్టుంది, వెనక్కి తిరక్కుండానే అంది.

"రండి, తలుపులమ్మా. మీరు వస్తారనుకున్నాను."

"నేనెందుకొస్తాను?"

"రెక్కలు కొన్నది మీరే కదండీ."

తలుపులమ్మ ఈ మాట తానే చెప్పాలని వచ్చింది. దాచిపెట్టి దాచిపెట్టి, ఒక్కసారి ముఖం మీద విసరాలని వచ్చింది. అది కూడా పంతులమ్మ చేతిలో ఉండడంతో ఆమెకు ఒళ్ళు మండింది.

"తెలిసే రాశారా?"

"ముగ్గురిని అడిగాను. ముగ్గురూ ఒకటే ధర చెప్పారు, కొంటున్నది మీరేనన్నారు. శుక్రవారం రేవులో ఏ ధర ఉంటే అదే రాస్తానని అందరి ముందూ చెప్పాను. ఎవరు కొన్నారు, ఎందుకు కొన్నారు అని చూసి మార్చడం మొదలుపెడితే, అది అంకె కాదు, నా ఇష్టం."

"మరి ఆ అంకె అబద్ధం. బజారులో ఏ సరుకైనా లేచిందా? బెల్లం అక్కడే ఉంది, పొగాకు అక్కడే ఉంది. నేను నాలుగు గంపల రెక్కలు కొంటే మొత్తం బజారే లేచిపోయిందా?"

"లేవలేదు" అంది ప్రసన్నకుమారి. తువ్వాలుతో చేతులు తుడుచుకుని, బెంచీ చూపించింది. తలుపులమ్మ కూర్చోలేదు. "ఒక మణుగు రెక్కల ధర, అయిదు బస్తాల బియ్యం ధరంత. నేను పది ధరలూ ఊరికే కలిపేస్తున్నాను. ఖరీదైన సరుకు కదిలితే అంకె గంతులు వేస్తుంది. చవక సరుకు కదిలితే దానికి తెలియనే తెలియదు. నూటిలో ముప్పై మీ రెక్కలే. బియ్యం ఆరు."

"ఊళ్ళో ఒక్కడూ నోట పెట్టని రెక్కలకి ముప్పై, అందరూ తినే బియ్యానికి ఆరూనా?"

"అవును. ఆ లోపం మొదటి నుంచీ తెలుసు. అమెరికాలో న్యూయార్కు పట్నంలో పన్నెండు కంపెనీల వాటాలు కలిపి రోజూ పత్రికలో ఒక అంకె వేస్తున్నారు. దొరసాని గారి పత్రికల్లో చూసి నేర్చుకున్నాను. వాళ్ళదీ ఇదే తంతు. వాటా అంటే, మీ పడవ మీద మీకూ మీ మరిదికీ చెరి సగం ఉన్నట్టన్నమాట. అక్కడా ఖరీదైన వాటా ఎటు లాగితే అంకె అటు పోతుంది. ఏ సరుకు ఇంటికి ఎంత ఖర్చవుతుందో చూసి, దాన్ని బట్టి బియ్యానికి బరువెక్కువ ఇవ్వాలి. అలా చేస్తే లెక్క పెద్దదవుతుంది, మామూలు వాళ్ళు సరిచూసుకోలేరు. బుల్లిరాజు తాత కూడా వేళ్ళ మీద కూడి సరిచూసుకునేలా ఉండాలనుకున్నాను. ఈలోగా మీ ఆయన వాళ్ళు దాన్ని ఒప్పందంలో పెట్టేశారు. ఇక ఉగాది దాకా నేను మార్చడానికి లేదు."

తలుపులమ్మకు లెక్క అర్థమైంది. ఆమెకు అక్షరాలు రావు కానీ, లెక్కలు ఆమె దగ్గర తప్పిపోవు. అర్థమైనందుకే ఇంకా కోపం వచ్చింది. లోపం చూపించి పంతులమ్మను సిగ్గుపడేలా చేద్దామనుకుంటే, పంతులమ్మ తన లోపాన్ని తానే విప్పి ముందు పెట్టి కూర్చుంది.

"అసలు రెక్కలెందుకు కలిపారు మీరు? అదేమన్నా బజారు సరుకా?"

ప్రసన్నకుమారి తువ్వాలు మడిచి కిటికీలో పెట్టింది. బయట పడవల వాళ్ళు ఏదో పాట ఎత్తుకున్నారు.

"మొదట తొమ్మిదే రాసుకున్నాను. తొమ్మిదీ షావుకార్ల సరుకులే. రేవులో సగం బతుకు మీ ఆడవాళ్ళది, మీ సరుకు ఒక్కటీ లేకపోతే బజారు ఎలాగవుతుందనిపించింది. ఎండు చేపల ధర ఊరికో రకం, బుట్టకో రకం. రెక్కలకైతే ఒకే ధర ఉంటుంది. మిమ్మల్ని అడుగుదామనే వచ్చాను. మీకు గుర్తుందో లేదో."

గుర్తుంది. ఉగాదికి ముందు ఎండలో, గొడుగేసుకుని ఈ పిల్ల ఏటి గట్టు మీదికి వచ్చింది. 'చేపల కంపులో పంతులమ్మ గారికేం పని' అని తలుపులమ్మ అంటే, గట్టు గట్టంతా నవ్వింది. గొడుగు మూసుకుని వెళ్ళిపోయింది. మళ్ళీ వచ్చింది. రెండోసారి తలుపులమ్మ తల కూడా ఎత్తలేదు.

"నిజం చెబుతాను, ఏమీ అనుకోకండి" అంది ప్రసన్నకుమారి. ఈసారి ఆమె గొంతులో పాఠం చెప్పే ధోరణి లేదు. "రాజమహేంద్రవరం నుంచి వచ్చిన కొత్తలో, పొద్దున్నే వంతెన మీద ఆగి మీ మాటలు వినేదాన్ని. బజారు ఇవాళ నడుం వాల్చిందనేవారు. వచ్చినవాళ్ళు నవ్వుకుంటూ వెళ్ళేవారు. ఇన్ని నెలలుగా బల్ల మీద రాస్తున్నాను. నా దగ్గర ఎవరూ నవ్వరు. అంకె చూసుకుని వెళ్ళిపోతారు. మిమ్మల్ని చూస్తే నాకు కుళ్ళుగా ఉండేది."

కుళ్ళు తనొక్కదానిదే అనుకుని, ఇన్నాళ్ళూ తలుపులమ్మ దాన్ని ఒంటరిగా మోసింది. అవతల గట్టు మీద కూడా అదే ఉందని తెలిసేసరికి, కోపం ఎక్కడ ఆనించుకోవాలో తెలియలేదు.

"ఈ వారం అంకె గురించి నేను వాళ్ళకి చెప్పాలి" అంది ప్రసన్నకుమారి. "నూట పద్దెనిమిది రేవు ధరే, కానీ అది ఒక్కరి కొనుగోలు వల్ల వచ్చిందని. మీ పేరు చెప్పను."

"చెబితే కిరాయి పోదా?"

"పోవచ్చు. అదే నా బాధ. బియ్యం ఇంతలా మండిపోతున్నా నా అంకె మూడంటే మూడే పెరిగింది. వాళ్ళకి న్యాయంగా రావలసిన కిరాయి నా లెక్క ఇవ్వలేకపోయింది, మీ రెక్కలు ఇచ్చాయి. అయినా దాచిపెడితే, ఇక నా మాటకీ ఎవరి మాటకీ తేడా ఏముంటుంది?"

గుమ్మంలో నీడ పడింది. పోతురాజు. పెళ్ళాన్ని అక్కడ చూసి తెల్లబోయాడు, కానీ సంబరం ఇంకా ముఖం మీదే ఉంది.

"పంతులమ్మ గారూ, ఏజెంట్ల దుబాసీ చినబాబు గారు కూడా వచ్చారండి. అంకె చూశారు. సోమవారం నుంచి కొత్త కిరాయేనన్నారు. మా ఇళ్ళల్లో పొయ్యి వెలుగుతుందంటే అంతా మీ వల్లే అండి."

చెప్పకూడదనుకుంది తలుపులమ్మ. నిజంగానే అనుకుంది. కానీ ఆ చివరి మాట వినేసరికి నోరు దానంతట అదే తెరుచుకుంది.

"ఆవిడ వల్ల కాదు. నా వల్ల."

పోతురాజుకు అర్థం కాలేదు. తలుపులమ్మ చెప్పింది. రెక్కలు కొన్నది, ఎంతకు కొన్నది, ఇంట్లో దాచుకున్నదంతా ఎలా ఊడ్చి పెట్టింది, ఏదీ దాచలేదు. చెబుతున్నంతసేపూ అతను నవ్వడానికి సిద్ధంగా ఉన్నట్టే నిలబడ్డాడు. చివరికి నవ్వు రాలేదు.

"నష్టానికి కొన్నావా? నువ్వా?"

"నేనే."

"ఎందుకు?"

"ఎందుకంటే ఏం చెప్పను? శనివారం వస్తే తల దువ్వుకుంటావు. బల్ల ముందు చేతులు జోడిస్తావు. నీ పెళ్ళాన్ని కూర్చోబెట్టి ఇరవయ్యేళ్ళు బజారు సంగతి చెప్పించుకుంది ఊరు. నువ్వు నన్ను ఒక్క మాట అడిగి ఎన్నాళ్ళయింది?"

పోతురాజు పంతులమ్మ వంక ఒకసారి చూసి, తల దించుకున్నాడు. పరాయి మనిషి ముందు ఇంటి మాట ఎత్తడం అతనికి ఇష్టం లేదు. అయినా చెప్పాడు, మెల్లిగా.

"నిన్ను అడిగితే, బజారు ఎలాగుందో చెప్పవే నువ్వు. నీకెలా కావాలో అలా చెబుతావు. కొనాల్సిన రోజున పడుకుందంటావు. అమ్మాల్సిన రోజున లేచిందంటావు. వాళ్ళకి తెలీదు గానీ, నీ పక్కన పడుకునేవాడిని, నాకు తెలీదా? ఎప్పుడూ అనలేదు. అనాలనిపించలేదు. అందుకే అడగడం మానేశాను."

ప్రసన్నకుమారి కిటికీ వైపు తిరిగి నిలబడింది, వినకుండా ఉండడానికి ఆ గదిలో ఇంకో చోటు లేదు.

తలుపులమ్మ ఏడవలేదు. ఆమెకు ముఖం మీద వేడి కొట్టినట్టయింది, ఉడుకుతున్న కుండ మూత తీసినప్పటిలా. అతను చెప్పింది అబద్ధమైతే చీల్చి చెండాడేది. అబద్ధం కాదు. మరీ దారుణం ఏమిటంటే, అది ఇన్నేళ్ళూ అతనికి తెలుసు, తెలిసే ఆమె వండిన అన్నం తిని, ఆమె కట్టిన చద్దిమూట తీసుకుని పడవెక్కాడు. ఆమె అసూయ పడవలసింది పంతులమ్మను చూసి కాదు. తన మొగుడు నమ్మగల మాట ఒకటి ఈ ఊళ్ళో ఉన్నందుకు, అది తన నోటిది కానందుకు.

"జరగండి" అంది ఇద్దరితోనూ. "నేనే చెబుతాను."

"తలుపులమ్మా, మీరు ఆగండి, నేను..." అని ప్రసన్నకుమారి ముందుకు వచ్చింది.

"ఆ మంచిపేరు కూడా మీకేనా?" అంది తలుపులమ్మ, గుమ్మం దాటుతూ.

*

వరండాలో ఎండ సగం దాకా వచ్చింది. ఉన్న ఒక్క కుర్చీలో చినబాబు కూర్చున్నాడు. ఓడల ఏజెంట్ల తరఫున పడవల వాళ్ళతో మాట్లాడే దుబాసీ అతను. తెల్లవాళ్ళ మాట వీళ్ళకూ వీళ్ళ మాట వాళ్ళకూ చేరవేస్తాడు, దారిలో కొంచెం తన దగ్గర ఉంచుకుంటాడంటారు. జరీ కండువా, వెండి పొన్ను కర్ర. పడవల వాళ్ళు అతని చుట్టూ మెట్ల మీద కూర్చున్నారు.

తలుపులమ్మ నల్లబల్ల పక్కన నిలబడింది. జనం ఆమెను చూసి కబుర్లు ఆపారు.

"నూట పద్దెనిమిది అని రాసి ఉంది కదా. అందులో పదిహేను నేను పెట్టినవి" అంది. తర్వాతిదంతా మామూలు గొంతుతో, బుట్ట ముందు కూర్చుని ధర చెప్పినట్టే చెప్పింది. రెక్కలకు అంకెలో ఎంత బరువుందో, బియ్యానికి ఎంతుందో చెప్పింది. ఎవరు కొన్నారో, ఎందుకు కొన్నారో చూడకుండా పంతులమ్మ రాయాల్సిన ధరే రాసిందనీ, కావాలని ధర పెంచింది తాననీ చెప్పింది. ఎందుకన్నది మాత్రం చెప్పలేదు. పోతురాజు గుమ్మంలో నిలబడి వింటున్నాడని ఆమెకు తెలుసు.

బుల్లిరాజు తాత మెట్టు మీంచి లేచాడు. "అయితే కిరాయి పోయినట్టేనా?" అని అడిగాడు, ఆమెను కాదు, అందరినీ.

అందరూ చినబాబు వంక తిరిగారు. అతను తొందరపడలేదు. పొడుం డబ్బీ మూసి నడుముకు దోపుకున్నాడు.

"ఎందుకు పోతుంది? ఒప్పందం ఒప్పందమే కదయ్యా. శుక్రవారం రేవు ధర అని రాసుకున్నాం, రేవు ధరే రాశారు. కిరాయి పెంచుతామన్నాం, పెంచుతాం. మేం మాట తప్పేవాళ్ళం కాదు."

పడవల వాళ్ళు ఊపిరి పీల్చుకున్నారు. ఒకరిద్దరు లేచి దణ్ణం పెట్టారు. తలుపులమ్మకు మాత్రం అతని నెమ్మది నచ్చలేదు. బేరంలో ఎదుటివాడు ఇంత సులువుగా ఒప్పుకున్నాడంటే, వాడు ఇంకేదో సరుకు మీద కన్నేశాడని ఆమెకు తెలుసు.

చినబాబు కర్ర ఆనించుకుని లేచి, ఆమె దగ్గరికి వచ్చాడు.

"తలుపులమ్మ గారూ" అన్నాడు.

ఆ రేవులో ఓడల ఆఫీసు మనిషెవడూ ఆమెను అలా పిలవలేదు. ఏమే అన్నవాళ్ళున్నారు, చేపల మనిషీ అన్నవాళ్ళున్నారు. ఆ 'గారు' చెవిన పడగానే, వద్దనుకుంటూనే ఆమె వెన్ను నిటారుగా అయింది.

"ఆయ్, చెప్పండి."

"మీ కొట్టులో ఉన్న రెక్కలన్నీ నేను తీసుకుంటాను. చీనావాడు మీకు ఆ ధర ఇవ్వడు, మీకూ తెలుసు, నాకూ తెలుసు. మీరు పెట్టిన దానికి ఒక్క కానీ తగ్గకుండా ఇస్తాను. పైన ఇంకా ఏమన్నా కావాలంటే, కూర్చుని మాట్లాడుకుందాం."

"రెక్కలు మీకెందుకండి?" అంది ప్రసన్నకుమారి. ఆమె ఎప్పుడు బయటికి వచ్చిందో ఎవరూ చూడలేదు.

"వ్యాపారం అమ్మా. కొంటాను, అమ్ముకుంటాను. వచ్చే శుక్రవారం ఇదే రేవులో, ఉగాది ధరలో సగానికే అమ్ముకుంటానేమో. నా సరుకు, నా ఇష్టం. ఏ ధరకు అమ్మితే ఆ ధర మీరు రాయాలి కదా. ఎవరు కొన్నారు, ఎందుకు కొన్నారు అని మీరు చూడరట కదా."

రెక్కలు సగానికి పడితే అంకె ఎనభై ఎనిమిది. తలుపులమ్మ మనసులో ఆ లెక్క అయిపోయింది. తొంభై అయిదు కిందికి పోతే కిరాయి తగ్గుతుంది. ఒక్క వారం పెంచి, ఆపైన శుక్రవారం శుక్రవారం కాసిని రెక్కలు అలాగే అమ్ముతూ, ఉగాది దాకా తగ్గించుకుంటారు. బియ్యం ఆ ధరలోనే ఉంటుంది. ఆ లెక్క పంతులమ్మకూ అయినట్టుంది, గుమ్మం పట్టుకుని నిలబడింది. పోతురాజుకు ఇంకాస్త ఆలస్యంగా అర్థమైంది. అర్థం కాగానే అతను పెళ్ళాం వంక చూశాడు. ఇవాళ ఆమె వంక అతను సూటిగా చూడడం అదే మొదలు.

మెట్ల మీద ఉన్నవాళ్ళకు లెక్క తెలియకపోయినా, ఏదో తమ మీదికి వస్తోందని తెలిసింది. నల్లబల్ల వంక ఎవరూ చూడడం లేదు. అందరి కళ్ళూ తలుపులమ్మ మీదే ఉన్నాయి. కాదంటే, రంగూను నుంచి ఆ తక్కువ ధరైనా వచ్చేదాకా ఇంట్లో ఉన్నదంతా కొట్టులోనే ఉండిపోతుంది. వచ్చే వర్షాలకు పడవకు తారు పూయడానికి కూడా చేతిలో ఏమీ మిగలదు. అవునంటే, ఈ మనిషి తనను జీవితాంతం గారూ అనే పిలుస్తాడు.

పోతురాజు ఒక అడుగు ముందుకు వేసి, ఆగిపోయాడు. అతను ఏదైనా అడుగుతాడేమోనని ఆమె చూసింది. అతను అడగలేదు.

తలుపులమ్మ కొంగు నడుముకు బిగించి దోపుకుని, చినబాబు ఇందాక కూర్చున్న కుర్చీ లాక్కుని, అందులో తాను కూర్చుంది.

"ఎంత వరకు ఇవ్వగలరండి?" అంది.